సీవీ జాయింట్ విప్పి కడిగితే చప్పుడు పోతుందా?

ప్రశ్న: మాది ముందు చక్రాలకు పవర్ అందే కారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తిరిగితే ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడొస్తోంది. రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి చిమ్మింది. చక్రానికి పవర్ అందించే షాఫ్ట్ బయటికి తీశాను. దాని బయటి జాయింట్ (చక్రం వైపున్న సీవీ జాయింట్, అంటే చక్రం తిరిగినా, వాలినా పవర్ అందించే కీలు) విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెడితే సరిపోతుందా?

జవాబు: చప్పుడు మొదలయ్యాక గ్రీజుతో బాగుపడటం అరుదండీ. చిరుగులోంచి దూరిన ఇసుక, నీళ్లు జాయింట్ లోపల ఉక్కు బాల్స్ దొర్లే గాడులను తినేస్తాయి. అయినా విప్పి చూడమనే చెబుతాను. ఎంత అరిగిందో కళ్లారా చూస్తే మీకే తెలిసిపోతుంది.

షాఫ్ట్‌ని వైస్‌లో బిగించి, బూటు క్లాంపులు కోసేసి, గ్రీజు తుడవండి. సర్‌క్లిప్ (జాయింట్ షాఫ్ట్ మీంచి జారిపోకుండా పట్టి ఉంచే స్ప్రింగు రింగు) పైకి కనిపిస్తే ప్లయర్‌తో విడదీసి జాయింట్ లాగండి. కనిపించకపోతే షాఫ్ట్ చివరి గాడిలో ఉన్నట్టే. అలాంటప్పుడు లోపలి రేస్‌కి (షాఫ్ట్ మీద కూర్చునే, బాల్స్ గాడులున్న ముక్క) ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో గట్టిగా కొట్టాలి. దెబ్బ కేజ్ (బాల్స్‌ని పట్టి ఉంచే కిటికీల వలయం) మీద పడకూడదు, పగులుతుంది.

తర్వాతి పనిలో తొందరపడకండి. లోపలి రేస్, కేజ్, బయటి రేస్ మూడింటి మీదా పెయింటుతో ఒకే వరుసలో గుర్తు పెట్టి ఆరనివ్వండి. ఇన్నాళ్లూ కలిసి అరిగిన భాగాలవి, స్థానం మారితే మంచి జాయింట్ కూడా చప్పుడు చేయొచ్చు. లోపలి రేస్‌ని ఒక పక్క నొక్కితే అది కేజ్‌తో పాటు వాలి, ఎదురుపక్క బాల్ పైకి తేలుతుంది. మొనలేని స్క్రూడ్రైవర్‌తో దాన్ని తీసి, నంబరు వేసిన గిన్నెలో పెట్టండి. మామూలుగా ఆరు ఉంటాయి. ఆ తర్వాత కేజ్‌ని 90 డిగ్రీలు నిలువుగా తిప్పితే బయటికొస్తుంది. పట్టేసిందంటే కోణం కుదరలేదని అర్థం, బలం వాడకండి.

కిరోసిన్‌తో కడిగి ఆరాక గాడి వెంట గోరు జరపండి. నున్నగా మెరిసే చార ఉంటే ఫర్వాలేదు. గోరు తట్టుకున్నా, గుంటలు కనిపించినా, కేజ్ కిటికీలో బాల్ లూజుగా ఆడినా జాయింట్ మొత్తం మార్చాల్సిందే. కొత్త బాల్స్ మాత్రమే వేస్తే అరిగిన గాడుల్లో సరిగా కూర్చోవు.

బాగుంటే మాలిబ్డినం కలిసిన సీవీ గ్రీజే పెట్టండి, మామూలు గ్రీజు వద్దు. బూటు, క్లాంపులు, సర్‌క్లిప్, యాక్సిల్ నట్ కొత్తవే వేయండి. కుడివైపు బూటు మడతలు కూడా వేళ్లతో విడదీసి చూడండి. అక్కడ పగులుండి చప్పుడు లేకపోతే, ఆ జాయింట్‌ని కడిగి బూటు మార్చి కాపాడుకోవచ్చు.