ఉద్యోగం మానేసి మళ్ళీ ఫ్రీలాన్స్ బొమ్మల్లోకి వచ్చాను, సొంత ప్రాజెక్టులు కూడా నడుస్తాయా?

ఏడేళ్ల డిజైన్ ఉద్యోగం వదిలి మళ్ళీ ఫ్రీలాన్స్‌కి వచ్చానన్నారు. దానితోపాటు చెరియాల్ బొమ్మలు (గుడ్డ మీద కథలు చిత్రించే తెలంగాణ సంప్రదాయ కళ) నేర్చుకోవాలనీ, పిల్లలకో బొమ్మల పుస్తకం వేయాలనీ, పాతబస్తీ షాపుల బోర్డుల మీది అక్షరాలు గీసి దాచాలనీ ఉందన్నారు. మూడూ నడుస్తాయా అన్నది మీ ప్రశ్న. 2022లో హైదరాబాద్ తార్నాకలో నాది సరిగ్గా ఇదే పరిస్థితి. మూడూ ఒకేసారి నడవవండి. ఒకటి నడుస్తుంది, అదీ చూసి ఎంచుకుంటే.

నేనూ మొదట మూడు సొంత ప్రాజెక్టులు నెత్తికెత్తుకున్నాను. మన ఊళ్లో పెళ్లికార్డులు డిజైన్ చేసేవాళ్ళ పని పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు గానీ, శ్రావణం పెళ్లిళ్ల కార్డులన్నీ అప్పుడే ఖాయం చేయాలి. ఆ ఆషాఢంలో నాలుగు కార్డులు ఒప్పుకుని, రాత్రి రెండింటిదాకా సొంత బొమ్మలు వేసుకుంటూ కూర్చున్నాను. నిద్రమత్తులో ప్రూఫ్ చూశాను. ఒక కార్డులో పెళ్లికూతురి తాతగారి ఇంటిపేరు తప్పు పడింది. చత్తాబజార్‌లో 300 కార్డులు అచ్చయ్యాక గాని తెలియలేదు. నా డబ్బుతో మళ్ళీ వేయించి ఇచ్చాను. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ పెద్దాయన ఫోన్ చేసి "పర్వాలేదమ్మా, మా పేరు కొంచెం అరుదు" అన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ తర్వాత రెండు పక్కన పెట్టి చెరియాల్ ఒక్కటే ఉంచుకున్నాను. దాని మీద ఇష్టం ఎక్కువని మాత్రమే కాదు. దాంట్లో ఆగడం పనిలో భాగం. ఖాదీ గుడ్డకి బియ్యం గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల గుజ్జు, జిగురు నీళ్లు కలిపి పూత వేయాలి. అలా మూడు పూతలు. ఒకటి పూర్తిగా ఎండితేనే రెండోది. తొందరపడి వేస్తే పూత పెచ్చులు లేస్తుంది, మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది. నేను పొద్దున ఆరింటికి పూత వేసి బాల్కనీలో ఆరేసి, తొమ్మిదింటికి క్లయింట్ పనికి కూర్చుంటాను. మధ్యాహ్నం గుడ్డ మీద వేలు పెడితే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే, దాని జోలికి వెళ్లను. ఫ్రీలాన్స్‌లోనూ అంతే కదా, డ్రాఫ్ట్ పంపితే కరెక్షన్లు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఫోన్ పట్టుకుని టెన్షన్ పడేదాన్ని. ఇప్పుడైతే ఆ ఖాళీలోనే గుడ్డ మీద ఎర్ర రంగు నింపుకుంటాను. ఇది ఎండేలోపు అది, అది వచ్చేలోపు ఇది.

అందుకని సొంత పనిగా రోజంతా కూర్చోబెట్టేదాన్ని కాకుండా, మధ్యలో వదిలేసినా పాడవనిదాన్ని ఎంచుకోండి. ఇంకో మాట, చెరియాల్ నేర్చుకుంటే ఈ బొమ్మలు వేసే నకాషీ కుటుంబాల వాళ్ళ దగ్గరే, ఫీజు ఇచ్చి నేర్చుకోండి. ఆ పేరుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, తరతరాలుగా ఆ పని చేసినవాళ్ళ హక్కు అది. మనం వేసిన బొమ్మకి ఆ పేరు తగిలించి అమ్మడం నాకు సమ్మతం కాదు.

డబ్బు గురించి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంచుకోండి. సగం అడ్వాన్స్ పడకుండా స్కెచ్ కూడా మొదలుపెట్టకండి, తెలిసినవాళ్ళైనా సరే. ఏజెన్సీలు మామూలుగా 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని ఇస్తాయి, రిటర్న్ వేసేటప్పుడు అది లెక్కలోకి వస్తుంది కాబట్టి ఏ బిల్లుకి ఎంత కట్ అయిందో రాసిపెట్టుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే నమోదు, ఉచితం, వెంటనే చేసుకోండి. అది ఉంటే ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు కంపెనీ డబ్బు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఒకచోట నాకు నాలుగు నెలలు ఆగిన బిల్లు, ఆ సంగతి మర్యాదగా మెయిల్‌లో రాశాక పది రోజుల్లో వచ్చింది.

ఇక మీ మూడింట్లో ఏది? బోర్డుల అక్షరాలు ప్రాజెక్టుగా పెట్టుకోకండి. పాతబస్తీకి ఎప్పుడు వెళ్లినా ఫొటోలు తీసుకుంటూ ఉండండి, చేత్తో రాసిన బోర్డులు పోయి ఫ్లెక్సీలు వచ్చేస్తున్నాయి కాబట్టి అది మాత్రం ఆపొద్దు. పిల్లల పుస్తకం కథ ఇంకా రాయలేదన్నారు, అయితే దాన్ని వచ్చే ఏడాదికి ఉంచండి. ఈ ఏడాదికి చెరియాల్ పట్టుకోండి. వానాకాలంలో పూత ఎండదు, దసరా దాటాక గుడ్డ కొనండి. మొదటిది మూరెడు ముక్క చాలు.