వేరుశనగ చేను పసుపు తిరిగినప్పుడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

వేరుశనగ చేను పసుపు తిరిగిందనీ, రేపే యూరియా చల్లాలనుకుంటున్నావనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఆ బస్తా విప్పే ముందు చేలోకి దిగి, ఒక మొక్క పక్కన కూర్చుని, పసుపు ఏ ఆకుతో మొదలైందో చూడు.

ఎరువు మొక్కకు ఆహారమని చాలామంది అనుకుంటారు. నిజానికి గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ, వేరు పైకి పంపిన నీటినీ తీసుకుని, ఎండ బలంతో ఆకే తన ఆహారాన్ని తయారు చేసుకుంటుంది. యూరియా ఇచ్చే నత్రజని, అలాగే ఇనుము వంటివి ఆ పని సాగడానికి కావలసిన సరుకులు. నత్రజని కొరవడితే మొక్క ముదురాకుల్లో ఉన్నదాన్ని లాగి చిగురుకు పంపుతుంది కాబట్టి పసుపు అడుగు ఆకుల్లో మొదలవుతుంది. ఇనుము అలా కదలదు. అది అందనప్పుడు అడుగు ఆకులు బాగానే ఉంటాయి గానీ, కొత్తగా విచ్చుకున్న ఆకుల్లో ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలి, మధ్య భాగం పసుపెక్కి, లోపం ముదిరితే తెల్లబారుతుంది. ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుంటే ఆ ఈనెలు గీతలు గీసినట్టు కనిపిస్తాయి.

ఈ తేడా తెలియని రోజుల్లో నేను సున్నం ఎక్కువగా ఉన్న మన నల్లరేగడి చేలో, చిగురు తెల్లబారిన వేరుశనగకు యూరియా చల్లి వారం రోజులు ఎదురుచూశాను. చిగురు ఇంకా పాలిపోయింది. ఆ నేలలో ఇనుము లేక కాదు, వేరు తీసుకోలేని రూపంలో సున్నం దాన్ని బిగించి పెట్టింది. పైగా వేరుశనగ వేళ్ల మీది బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తూనే ఉంటాయి. ఒక మొక్కను మట్టితో సహా తవ్వి తీసి, వేరు కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చు. లోపల గులాబీ రంగు ఉంటే అవి పని చేస్తున్నట్టే.

చిగురే పసుపైతే, లీటరు నీటికి ఇనుము అందించే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి, ఎండ తగ్గాక ఆకులన్నీ తడిసేలా పిచికారీ చేయి. వారం తర్వాత మరోసారి చేయాలి. కలిపిన మందు ఆ పూటే వాడాలి.

మొన్నటి వానకు పల్లపు మూల నీరు నిలిచిందని కూడా రాశావు. వేరు పోషకాలను లోపలికి తీసుకోవాలంటే ఆకు పంపిన చక్కెరతో పాటు గాలి కూడా కావాలి. నీరు నిలిచిన నేలలో గాలి ఆడదు. కాబట్టి పిచికారీ కంటే ముందే కాలువ తీసి ఆ నీటిని బయటికి పంపు.

అడుగు ఆకులే పసుపెక్కాయని తేలితే వెంటనే రాయి, యూరియా సంగతి అప్పుడు ఆలోచిద్దాం. ఉత్తరంతో పాటు రెండు చిగురాకులు, రెండు అడుగు ఆకులు కాగితంలో మడిచి పంపించు.

ఇట్లు,
మీ పెదనాన్న