నెలనెలా వచ్చే కార్ల అమ్మకాల లెక్క చూసి ఆర్థిక పరిస్థితి చెప్పొచ్చా?

ప్రతి నెలా ఒకటో తారీఖున ‘కార్ల అమ్మకాలు ఇంత శాతం పెరిగాయి’ అని వార్త వస్తుంది, దాన్ని బట్టి దేశంలో డబ్బు ఆడుతోందని అనుకోవచ్చా అని అడిగారు. అనంతపురంలో ఒక డీలరు దగ్గర ఏడేళ్లు అకౌంట్స్ చూశాను. మొదట కార్లు, తర్వాత చిన్న గూడ్స్ బండ్లు. నా మాట ఏమిటంటే, ఆ ‘అమ్మకం’ ఎవరు ఎవరికి చేశారో ముందు చూడండి.

కంపెనీలు ఆ రోజు చెప్పేది ఫ్యాక్టరీ నుంచి డీలర్లకు పంపిన బండ్ల లెక్క. తర్వాత వాహన కంపెనీల సంఘం సియామ్ ఇచ్చేదీ అదే. నెలాఖరు వచ్చిందంటే కంపెనీ నుంచి మాకు ఫోన్ల మీద ఫోన్లు: టార్గెట్‌కు పన్నెండు బండ్లు తక్కువ పడ్డాయి, ఈ రాత్రికే బిల్లు చేస్తున్నాం అని. తెల్లారేసరికి అవి పేపర్లో అమ్ముడుపోయిన బండ్లు. మా యార్డులో మాత్రం దుమ్ము కొట్టుకుని, బ్యాటరీలు డౌనై పడుండేవి. వాటి మీద బ్యాంకు వడ్డీ మా ఓనరుది, ఆ ఎంట్రీలు వేసేది నేను.

కొన్నవాళ్ల చేతికి వెళ్లిన బండ్లు ఎన్నో తెలియాలంటే డీలర్ల సంఘం ఫాడా లెక్క మేలు. బండ్ల రిజిస్ట్రేషన్ల ప్రభుత్వ రికార్డు ‘వాహన్’ నుంచి తీస్తారు. యార్డుల్లో ఎన్ని రోజుల స్టాక్ ఉందో కూడా చెబుతారు. 2024 సెప్టెంబరులో కార్ల స్టాక్ 80–85 రోజులకు పెరిగిపోయిందని వాళ్లే మొత్తుకున్నారు.

పోయిన నెలతో మాత్రం పోల్చకండి. ఆషాఢంలో, మూఢంలో మా దగ్గర డెలివరీ అడిగేవాడే ఉండడు. ఏడాదికేడాది పోల్చినా పండగ వేరే నెలకు మారుతుంది: 2022లో దసరా, దీపావళి రెండూ అక్టోబరులోనే, 2023లో దీపావళి నవంబరుకు పోయింది. అమెరికాలో కార్లు, లైట్ ట్రక్కులు కలిపి, సీజన్ తేడా తీసేసి, ఇదే ఊపు సాగితే ఏడాదికి ఎన్ని అని చెబుతారు. 2009 ఫిబ్రవరిలో అది కోటి కంటే కిందే ఉంది. మనకు అంత తేట లెక్క లేదు. పైగా అక్కడ లైట్ ట్రక్ అంటే ఇంట్లో వాడుకునే పికప్, ఎస్‌యూవీ కూడా.

రూల్స్ మారినా అంకెలు మారతాయి. 2018 జులైలో లారీలు మోయగల బరువు పెంచారు. పాత లారీయే ఎక్కువ మోస్తుంటే కొత్తది ఎందుకు? 2025లో జీఎస్టీ తగ్గుతుందని తెలియగానే సెప్టెంబరు 22 దాకా చాలామంది ఆగారు.   

మన సీమ సంగతి తెలియాలంటే నేను కార్ల కన్నా పికప్‌లనే, అంటే చిన్న గూడ్స్ బండ్లనే చూస్తాను. కారు జీతం చూసుకుని కొంటారు, పిల్ల పెళ్లికి కొంటారు, పక్కింటివాడు కొన్నాడని కూడా కొంటారు. పికప్ కొనేవాడు అట్లా కాదు. నాలుగేళ్ల కిస్తీలకు సరిపడా బాడుగలు దొరుకుతాయా అని లెక్క వేసుకుని వస్తాడు. చీనీకాయల (బత్తాయి) మార్కెట్ నుంచి వచ్చినవాళ్లు రేటు మాట్లాడాక, “కొటేషన్ అట్లే పెట్టుండున్నా, బోరు నిలబడితే దసరాకు వస్తా” అనేవాళ్లు.

2018లో నా టేబుల్ సొరుగు నిండా అలాంటి కొటేషన్లే. అడ్వాన్సు కట్టినవాళ్లు తక్కువ. నేను వాటిని పట్టించుకోకుండా అమ్మకాలు పెరిగాయని కంపెనీ పంపిన మెసేజ్ చూసి, రెండో బండి తీసుకోమని మా బావకు చెప్పాను. ఆ ఏడు సీమలో కరువు. చీనీ తోటలు ఎండాయి, బుడ్డలు (వేరుశనగ) చేలోనే పోయాయి. రెండు బండ్లకూ కలిపి ఒక బండి బాడుగలు కూడా రాలేదు. పద్నాలుగు నెలలకు, ఫైనాన్స్ వాళ్లు లాక్కుపోకముందే, నష్టానికి అమ్మేశాడు. మా అక్క ఇప్పటికీ పండక్కి వెళ్తే ఆ మాట ఎత్తుతుంది.

ఫాడా పట్టికలో తేలికపాటి వాణిజ్య వాహనాలు, అంటే ఎల్‌సీవీ, వేరే వరుసలో ఉంటాయి. నేను ముందు దాన్ని చూసి, తర్వాత బావకు ఫోన్ చేసి లోడ్లు ఎట్లున్నాయని అడుగుతాను.