ఎఫ్‌ఎన్‌పీలో చేరే ముందు ప్రిసెప్టర్ సంగతి తేల్చుకోండి

హైదరాబాద్‌లో బీఎస్సీ నర్సింగ్ చేసి టెక్సస్‌లో ఐసీయూ ఆర్‌ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) చేస్తున్నాను, ఆన్‌లైన్ ఎఫ్‌ఎన్‌పీ (ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్) కోర్సులో సీటొచ్చింది గానీ ప్రిసెప్టర్‌ని, అంటే క్లినిక్‌లో దగ్గరుండి పని నేర్పేవాళ్లని, నన్నే వెతుక్కోమంటున్నారు, చేరనా వద్దా అని అడిగారు కదండీ. ఫీజు కట్టకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు.

నేను సరిగ్గా అక్కడే దెబ్బతిన్నాను. పిల్లల రొటేషన్‌కి, అంటే పిల్లల వైద్యంలో చేయాల్సిన శిక్షణకి, ప్రిసెప్టర్ ఎవరూ దొరక్క ఒక సెమిస్టర్ మొత్తం ఆగిపోయాను, డ్యూటీ దిగి కార్లోనే కూర్చుని క్లినిక్‌లకి వరసపెట్టి ఫోన్లు చేసేదాన్ని, చివరికి మా పాపకి టీకా వేయించడానికి వెళ్లినప్పుడు అక్కడి నర్స్ ప్రాక్టీషనర్‌నే అడిగితే ఒప్పుకున్నారు.

అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ చదువుకి 2022లో వచ్చిన ప్రమాణాల ప్రకారం శిక్షణలో నేరుగా పేషెంట్లని చూసే గంటలు కనీసం 750 ఉండాలి, మీ ఐసీయూ డ్యూటీ ఇందులోకి రాదు. అందుకే నాకు ప్రిసెప్టర్ దొరక్కపోతే మీరే చూపిస్తారా అని కాలేజీని ఈమెయిల్‌లోనే అడగండి, ఫోన్లో చెప్పింది నమ్మొద్దు. నర్సింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సీసీఎన్ఈ లేదా ఏసీఈఎన్ సంస్థల గుర్తింపు ఉందా, టెక్సస్‌లో క్లినికల్స్ (పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ) చేయించడానికి వాళ్లకి అనుమతుందా అన్నది కూడా చూడండి, గుర్తింపు లేని చోట చదివితే తర్వాత సర్టిఫికేషన్ పరీక్షకే కూర్చోనివ్వరు.

ఇంకోటి, ఎఫ్‌ఎన్‌పీ అంటే క్లినిక్‌లో బీపీ, షుగర్, పసిపిల్లల చెకప్పులు. మీ మనసు ఐసీయూలోనే ఉంటే తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లని చూసే అక్యూట్ కేర్ ట్రాక్ వేరే ఉంది, అది తీసుకోండి. టెక్సస్‌లో మందులు రాయాలంటే డాక్టర్‌తో ఒప్పందం ఉండాలి, అదీ గుర్తుపెట్టుకోండి. కాలేజీ ఏమని జవాబిచ్చిందో ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.