ముందు పాప బరువు చూడు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పిల్లల వార్డుల్లో పనిచేసే నర్సులవే. ఇరవై రెండేళ్లు ఆ వార్డుల్లోనే గడిపి ఇప్పుడు నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను కాబట్టి, ఇవి చదువుతుంటే పాత నైట్ డ్యూటీలన్నీ కళ్ల ముందుకొచ్చాయి. నాలుగు ప్రశ్నలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పెద్దదైంది.

ప్రశ్న: అక్కా, నేను జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చేశాను. రెండేళ్లు పెద్దవాళ్ల మెడికల్ వార్డులో చేసి, పోయిన నెల ఒక ప్రైవేటు ఆస్పత్రి ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో చేరాను. వారం రోజులు సీనియర్ పక్కన నిలబెట్టి, ఎనిమిదో రోజు నైట్‌లో నలుగురు పిల్లల్ని నాకొక్కదానికే ఇచ్చారు. ఇంజెక్షన్ లోడ్ చేస్తుంటే చేతులు వణుకుతున్నాయి. ఇంటికొచ్చినా అలారం చెవుల్లో మోగుతూనే ఉంటోంది. ఈ పని నాకు సరిపడదేమో?
– ఒక స్టాఫ్ నర్స్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: చెల్లీ, వారానికే నలుగురు పసిబిడ్డల్ని చేతిలో పెడితే ఎవరికైనా వణుకు పుడుతుంది. తప్పు అలా పెట్టినవాళ్లది. నీకు ఈ పని సరిపడుతుందా లేదా అన్నది ఇప్పుడే తేల్చుకోకు, ఎవరూ సరిగ్గా నేర్పకుండానే దిగావు కదా.

పెద్దవాళ్ల వార్డు అలవాటే నీకు ఇక్కడ అడ్డొస్తుంది. అక్కడ చాలా మందులకు ఒకే డోసు, దాదాపు అందరికీ అదే. ఇక్కడ ప్రతిదీ బరువును బట్టే, ఆ బరువు కూడా నిన్నటిది ఇవాళ ఉండదు. డాక్టరు అమికాసిన్ అనే యాంటీబయాటిక్ కిలోకు 15 మిల్లీగ్రాములు రాశారనుకుందాం. పాప 1.8 కిలోలు, అంటే 27 మిల్లీగ్రాములు. చేతిలో 2 ఎంఎల్‌లో 100 మిల్లీగ్రాములుండే వయల్ (మందు సీసా) ఉంటే 0.54 ఎంఎల్ తీయాలి. కానీ అదే మందు, అదే 2 ఎంఎల్, 500 మిల్లీగ్రాముల వయల్ కూడా మార్కెట్లో ఉంది. స్టోర్ వాళ్లు ఆ రాత్రి అది పంపారనుకో, నువ్వు నిన్నటి అలవాటున 0.54 తీశావంటే పాపకు వెళ్లేది 135 మిల్లీగ్రాములు, ఐదు రెట్లు. అమికాసిన్ ఎక్కువైతే కిడ్నీలకూ వినికిడికీ దెబ్బ. అందుకే ముందు పాప బరువు చూడు, తర్వాత వయల్ మీద ఎంతలో ఎంత ఉందో చదువు, అప్పుడు కాగితం మీద లెక్క రాసుకో. నోటిలెక్క వద్దు. అయ్యాక పక్క సిస్టర్‌ను పిలిచి, నీ జవాబు చెప్పకుండా ఆమెతోనూ లెక్క చేయించు. రెండూ కలిస్తేనే 1 ఎంఎల్ సిరంజిలోకి మందు ఎక్కించు.

ఇదంతా పుస్తకంలో చదివి చెబుతున్నది కాదమ్మా. నా రెండో ఏడాదిలో ఒక రాత్రి, కేస్‌షీట్‌లో ‘.5 ఎంఎల్’ అని ఉంటే ముందున్న చుక్క కనబడక 5 ఎంఎల్ తీసేశాను. పక్క బెడ్ సిస్టర్ నా సిరంజి చూసి, ‘ఇంత చిన్న పాపకు అంత మందా?’ అని ఆపింది. పాపకు ఏమీ కాలేదు, మందు వెళ్లలేదు. నేను మాత్రం డ్యూటీ అయ్యాక బస్టాప్‌లో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆనాటి నుంచి నా చేత్తో సున్నా లేకుండా చుక్క పెట్టలేదు. 0.5 అనే రాస్తాను, 5 అయితే ఉత్త 5 రాస్తాను, 5.0 అని ఎప్పుడూ రాయను.

ఇంకో రెండు పనులు ఈ నెలలోనే చేతికి రావాలి. ఒకటి, థర్మామీటర్ అందేలోపే నీ చేయి చెప్పగలగాలి. వేళ్ల వెనక భాగం పాప కడుపుకీ పాదానికీ ఆనించి చూడు. రెండూ వెచ్చగా ఉంటే సరే. కడుపు వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి పెడుతోందని అర్థం. రెండూ చల్లబడితే వెంటనే డాక్టరును పిలవాలి. రెండోది బ్యాగ్ అండ్ మాస్క్, అంటే ముఖానికి మాస్క్ ఆనించి, చేత్తో బ్యాగ్ నొక్కుతూ ఊపిరి అందించడం. పుట్టిన బిడ్డ తుడిచినా, వీపు రాసినా ఊపిరి తీయకపోతే మొదటి నిమిషం లోపే గాలి ఇవ్వడం మొదలుపెట్టాలి, దాన్నే గోల్డెన్ మినిట్ అంటాం. గుండె నొక్కాల్సి వస్తే అప్పుడే పుట్టిన బిడ్డకు మూడు నొక్కులకు ఒక ఊపిరి. పెద్దవాళ్ల వార్డులో నేర్చుకున్న 30కి 2 ఇక్కడ పనికిరాదు. దీనికి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు కోర్సు నడుపుతారు, బొమ్మ మీద చేయిస్తారు. నీ యూనిట్‌లోని పిల్లల డాక్టరును అడుగు, ఎప్పుడు ఎక్కడ జరుగుతుందో వాళ్లకు తెలుస్తుంది.

ఇక మీ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు కాగితం మీదే రాసివ్వు. సర్కారు నవజాత శిశు యూనిట్లలో చేరే నర్సులకు నాలుగు రోజుల తరగతి, ఆ తర్వాత రెండు వారాలు పెద్ద యూనిట్‌లో ఉండి చూసి నేర్చుకునే శిక్షణ ఉంటుంది. నాకూ కనీసం రెండు వారాలు సీనియర్‌తో కలిపి డ్యూటీ వేయండి అని అడుగు. భయమేస్తోంది అని రాయడానికి మొహమాటపడకు. నోటితో చెప్పింది తెల్లారేసరికి మర్చిపోతారు, కాగితం ఫైల్‌లో ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. పిల్లల నర్సు అవుతానంటోంది. దానికి విడిగా డిగ్రీ ఉందా? చుట్టాలేమో ‘నర్సింగ్ ఎందుకు’ అని ఒకటే పోరు.
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: అన్నా, డిగ్రీలో విడిగా పిల్లల నర్సింగ్ లేదు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చేయాలి. 2021–22 నుంచి వచ్చిన కొత్త సిలబస్‌లో ఐదు, ఆరు సెమిస్టర్లలో చైల్డ్ హెల్త్ నర్సింగ్ ఉంది. పసిబిడ్డల సంరక్షణ, జబ్బు పిల్లల్ని గుర్తించడం, ఊపిరి ఆగిన పిల్లలకు సాయం, వీటి శిక్షణలు కూడా ఆ సిలబస్‌లోనే కలిపారు. మన దగ్గర అడ్మిషన్ నోటిఫికేషన్ వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ఇస్తుంది. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో మీరే చూసుకోండి. బిల్డింగ్ చూసి మాత్రం మోసపోవద్దు. గేటు దగ్గర మూడో, నాలుగో ఏడాది విద్యార్థుల్ని ఆపి, ‘పిల్లల వార్డుకు ఏ ఆస్పత్రికి పంపుతారు, రోజుకు ఎంతమంది పిల్లల్ని చూస్తారు’ అని అడగండి. వార్డే ఖాళీగా ఉంటే అమ్మాయి నేర్చుకునేదేముంటుంది.

చుట్టాల సంగతి అంటారా, వాళ్లను ఒకసారి రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆస్పత్రి వైపు తీసుకెళ్లండి. తన దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోయిందని కదిలిపోయిన నిజాం కోడలు నీలోఫర్ యువరాణి పట్టుదలతో మొదలై, 1953 నుంచి నడుస్తున్న ఆస్పత్రి అది. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో బిడ్డల్ని ఎత్తుకొచ్చిన తల్లులు అక్కడ డాక్టరు తర్వాత ఎవరి ముఖం చూస్తారో వాళ్లకే తెలుస్తుంది.

ప్రశ్న: జీఎన్‌ఎం తర్వాత తొమ్మిదేళ్లుగా ఎన్‌ఐసీయూలోనే ఉన్నాను. ఇద్దరు పిల్లలు. ఎంఎస్సీ చేయాలా, లేక ఏదైనా స్పెషాలిటీ కోర్సా? నాకు బెడ్ పక్కన పని అంటేనే ఇష్టం.
– ఒక సిస్టర్, కూకట్‌పల్లి

జవాబు: మీ ప్రశ్నలో ఆఖరి వాక్యమే జవాబు చెప్పేసింది. ఎంఎస్సీ కావాలంటే మీరు ముందు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి, అందులో 55 శాతం తెచ్చుకుని, ఆ పైన ఇంకో రెండేళ్లు చదవాలి. అది పాఠాలు చెప్పాలనుకునేవాళ్లకు మంచి దారి. మీరు మాత్రం ఏడాది పాటు సాగే నియోనేటల్ నర్సింగ్ పోస్ట్ బేసిక్ డిప్లొమా చూడండి, ఎక్కువ సమయం యూనిట్‌లోనే నేర్పిస్తారు. చేరేముందు మీ ఆస్పత్రి వాళ్లను సెలవు, జీతం సంగతి రాతపూర్వకంగా అడగండి. స్పెషాలిటీ చేసొచ్చిన నర్సుకు పైసా పెంచని చోట్లు నేను చూశాను, అది నాకు ఇప్పటికీ బాధే. ఇంకొకటి, ప్రాణాపాయంలో ఉన్న పిల్లల్ని కాపాడే శిక్షణకు ఇచ్చే పాల్స్ కార్డు రెండేళ్లకే పనిచేస్తుంది. గడువు తీరక ముందే మళ్లీ చేయండి, వాడకపోతే చేతులు మర్చిపోతాయి.

ప్రశ్న: మాది మలక్‌పేట దగ్గర చిన్న పిల్లల ఆస్పత్రి. నేను ఇన్‌ఛార్జ్‌ని. కొత్త నర్సులకు ట్రైనింగ్ ఇవ్వాలంటే మేనేజ్‌మెంట్ డబ్బు లేదంటోంది. ఏం చేయను?
– ఇన్‌ఛార్జ్ సిస్టర్

జవాబు: సిస్టర్, డ్యూటీ మారేటప్పుడు పది నిమిషాలు పట్టండి చాలు. తర్వాతి డ్యూటీ వాళ్లకు బిడ్డల్ని అప్పగించే హ్యాండోవర్ ఎలాగూ ఇస్తారు, అందులో ఒక బిడ్డ దగ్గర ఆగి, ‘ఈ పాపకు డోసు ఎంత, ఎందుకు?’ అని అందరికంటే జూనియర్‌ను ముందు అడగండి. తెలియకపోతే తిట్టొద్దు. తిట్టిన రోజు నుంచి మిమ్మల్ని అడగడం మానేసి, ఊహించి పనిచేస్తారు, అది ఇంకా ప్రమాదం.

తల్లుల మాట వినడం కూడా నేర్పండి. మీ దగ్గరికి ‘పొద్దుగాల సంది పాలు గుంజుతలేదు’ అనే అమ్మా వస్తుంది, ‘సుబే సే బచ్చా సుస్త్ హై’ (పొద్దున్నుంచి బిడ్డ నీరసంగా ఉంది) అనే అమ్మా వస్తుంది. రెండూ ఒకటే హెచ్చరిక. మానిటర్ కంటే ముందే ఆ తల్లికి తెలుస్తుంది. కొత్తవాళ్లు ఆ మాటను అలాగే, ఆమె అన్నట్టే నోట్స్‌లో రాయాలి.

రోజుకొకసారి ఊపిరి లెక్క పెట్టించండి. ఫోన్‌లో నిమిషం పెట్టి, ఏడవని బిడ్డ దగ్గర ఇద్దర్ని నిలబెట్టి, పూర్తిగా నిమిషం లెక్కపెట్టమనండి. అర నిమిషం చూసి రెండింతలు చేయనివ్వొద్దు, పసిబిడ్డ ఊపిరి ఒక్క తీరుగా ఉండదు. రెండు నెలల లోపు 60 లేదా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ ఉంటే, ఊపిరి వేగంగా ఉన్నట్టే లెక్క. ఈ మూడు అంకెలూ పెద్దగా రాసి నర్సింగ్ స్టేషన్ గోడకు అతికించండి. మొదటి వారం ఇద్దరి లెక్కలూ కలవవు, కంగారుపడకండి, అదే బిడ్డ దగ్గర ఇంకోసారి లెక్కపెట్టించండి.