వీసా మీద ఉన్నా ఓటు ఉంది: బ్రిటన్‌కు కొత్తగా వచ్చిన తెలుగువారికి

"స్టూడెంట్ వీసా మీద వచ్చాను. ఈ దేశపు ఎన్నికలతో నాకేం పని?" కొత్తగా వచ్చిన మన పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. సూటిగా చెబుతాను. మీకు ఇక్కడ ఓటు ఉంది. దానికి బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు, ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస హక్కు) కూడా అక్కర్లేదు. భారతదేశం కామన్వెల్త్ సభ్యదేశం. అందువల్ల 18 ఏళ్లు నిండి, చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ నివసిస్తున్న భారత పౌరులు పార్లమెంటు ఎన్నికల్లోనూ, స్థానిక కౌన్సిల్ ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. చదువుకుంటున్నా, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగం చేస్తున్నా, డిపెండెంట్‌గా వచ్చినా తేడా లేదు.

అమెరికాలో ఉన్న మీ అన్నయ్యో బావగారో ఇది విని భయపెడతారు. వాళ్ల భయం వాళ్ల దేశానికి సరైనదే. అక్కడ పౌరసత్వం లేకుండా దేశవ్యాప్త ఎన్నికల్లో ఓటు వేయడం నేరం. ఇక్కడి చట్టం వేరు. ఇక్కడ ఓటు వేస్తే వీసాకు మచ్చ పడదు, భారత పౌరసత్వానికీ ఏమీ కాదు. ఊళ్లో ఓటు వేయాలంటే ప్రవాసులుగా నమోదై ఉన్నా పోలింగ్ రోజుకు విమానం ఎక్కి వెళ్లి నిలబడాలి. ఇక్కడైతే ఇంటి దగ్గరి బడిదాకా నడిచి వెళ్తే చాలు.

నమోదు ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే అవుతుంది. నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం మీద కట్టే సామాజిక భద్రతా చందా) నంబరు ఉంటే తొందరగా అయిపోతుంది, లేకపోతే వేరే పత్రాలు అడుగుతారు. పోలింగ్‌కు 12 పనిదినాల ముందే పేరు జాబితాకు పంపి ఉండాలి కాబట్టి ఎన్నికల ప్రకటన వచ్చాక చూద్దామనుకోకండి. ఇల్లు మారిన ప్రతిసారీ మళ్లీ నమోదు చేసుకోవాలి. పార్లమెంటు ఎన్నికల్లో ఫొటో గుర్తింపు చూపాలి, మన భారత పాస్‌పోర్టు అందుకు పనికొస్తుంది. ఓటరు జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకూ మంచిది. ఈ ఒక్క కారణంతో నమోదైనవాళ్లను చాలామందిని చూశాను. కారణం ఏదైనా నమోదు కావడం ముఖ్యం.

తర్వాతి ప్రశ్న ఎప్పుడూ పన్నుల గురించే వస్తుంది. "ఏ పార్టీ వస్తే జీతంలో కోత తగ్గుతుంది?"

ఈ ప్రశ్నకు మేనిఫెస్టోలోని పన్నుల పేజీ ఒక్కటే చదివితే జవాబు దొరకదు. 2024 ఎన్నికల్లో రిఫార్మ్ యూకే పన్నులేని ఆదాయ పరిమితిని 20 వేల పౌండ్లకు పెంచుతామంది. అప్పటికి అది 12,570 పౌండ్లు. నాకు తెలిసిన కుర్రాళ్లు కొందరు ఆ అంకె చూసి సంతోషించారు. అదే పార్టీ అదే పత్రంలో, విదేశీ ఉద్యోగిని పెట్టుకున్న యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌ను 20 శాతానికి పెంచుతామని రాసింది. అప్పటి రేటు 13.8 శాతం. ఆరోగ్య, సంరక్షణ రంగాలకూ మరీ చిన్న సంస్థలకూ మినహాయింపు ఇచ్చి, మిగిలిన ఉద్యోగాలన్నిటి మీదా ఆ భారం వేస్తామన్నారు. అంటే మీ చేతికి వచ్చే జీతం పెంచుతామంటూనే, మీకు జీతమిచ్చే ఉద్యోగం దొరకడం కష్టం చేస్తామన్నారన్న మాట. మనలాంటివాళ్లకు వలస విధానం కూడా పన్ను విధానమే. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఒక లెక్క వేసి చూపిస్తాను. స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ కనీస వేతనం 2024 ఏప్రిల్ దాకా 26,200 పౌండ్లు. టోరీల (కన్జర్వేటివ్ పార్టీ) ప్రభుత్వం దాన్ని 38,700కు పెంచింది. లేబర్ ప్రభుత్వం 2025 జులైలో 41,700 చేసింది. ఆ 41,700 జీతం మీద ఏడాదికి ఆదాయపు పన్ను 5,826 పౌండ్లు, ఉద్యోగి వాటా నేషనల్ ఇన్సూరెన్స్ సుమారు 2,330 పౌండ్లు. ఇక్కడివరకు పక్క సీటులో కూర్చున్న బ్రిటిష్ ఉద్యోగి కట్టేదీ ఇంతే. ఆపైన మనం కట్టేది ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) సర్‌ఛార్జి. 2024 ఫిబ్రవరిలో పెద్దవాళ్లకు 624 నుంచి 1,035 పౌండ్లకు పెంచారు, పిల్లలకు 776. భార్యాభర్తలు, ఒక బిడ్డ ఉన్న ఇంటికి ఏడాదికి 2,846. అయిదేళ్ల వీసాకు మొత్తం 14,230 పౌండ్లు, అదీ ముందుగానే ఒక్కసారి కట్టాలి. వీసా రుసుములు దీనికి అదనం. ఇంత కట్టినా వీసా మీద "ప్రభుత్వ నిధులకు అర్హత లేదు" అన్న షరతు ఉంటుంది. ఉద్యోగం పోతే యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతి రాదు.

ఇప్పుడు ఐఎల్‌ఆర్ సంగతి చూడండి. అయిదేళ్లకు వచ్చే శాశ్వత నివాస హక్కును పదేళ్లకు మార్చాలని 2025 మేలో లేబర్ ప్రభుత్వం శ్వేతపత్రంలో ప్రతిపాదించింది. అంతకు కొన్ని నెలల ముందే టోరీలు కూడా పదేళ్లే అన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో రిఫార్మ్ ఏకంగా ఐఎల్‌ఆర్‌నే రద్దు చేసి, అయిదేళ్లకోసారి తిరిగి దరఖాస్తు పెట్టుకునే వీసా తెస్తామంది. అయిదు పదైతే పైన వేసిన 14,230 రెండింతలవుతుంది. ఆదాయపు పన్ను పెంచుతామని ఎవరూ అనలేదు కదా అని ఊరుకుంటే ఈ మొత్తం మన కంటికి ఆనదు. వీటిలో ఏవి ఎప్పటినుంచి, ఎవరికి అమలవుతాయో మీ దరఖాస్తు నాటికి ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. వాట్సాప్‌లో తిరిగే చార్టులను నమ్మి ఉద్యోగాలు మారకండి.

పన్ను పెంచకుండానే పన్ను పెరిగే దారి మరొకటి ఉంది. ఆ 12,570 పరిమితి 2021 నుంచి కదల్లేదు. 40 శాతం పన్ను మొదలయ్యే 50,270 కూడా అంతే. టోరీలు 2028 దాకా ఆపారు, లేబర్ 2025 నవంబరు బడ్జెట్‌లో 2031 దాకా పొడిగించింది. జీతాలు ధరలతోపాటు కొంచెం పెరుగుతాయి, పరిమితి ఉన్నచోటే ఉంటుంది, పెరిగిన ప్రతి పౌండూ పన్ను లెక్కలోకి వస్తుంది. శ్రామికుల ఆదాయపు పన్ను రేట్లు పెంచబోమని ఎన్నికల్లో ఇచ్చిన మాట అక్షరాలా నిలబడినట్టే ఉంటుంది, పేస్లిప్ మాత్రం వేరే కథ చెబుతుంది.

ఆన్‌సైట్ మీద వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. 2025లో భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందంతోపాటు, భారతీయ కంపెనీ తాత్కాలికంగా ఇక్కడికి పంపిన ఉద్యోగులు మూడేళ్లవరకు స్వదేశంలోనే సామాజిక భద్రతకు చెల్లిస్తే చాలని, ఇక్కడ నేషనల్ ఇన్సూరెన్స్ కట్టక్కర్లేదని కుదిరింది. వెంటనే ప్రతిపక్షాలు "భారతీయులకొక పన్ను, బ్రిటిషర్లకొక పన్ను" అంటూ విరుచుకుపడ్డాయి. ఆఫీసులో మీకూ ఆ మాట తగలవచ్చు. ఊరుకోకుండా వివరంగా చెప్పండి. పంపినవాళ్లకు ఏడాది మినహాయింపు అంతకుముందే ఉంది. అమెరికా, యూరోపియన్ యూనియన్, కెనడా, జపాన్, దక్షిణ కొరియాలతో బ్రిటన్‌కు ఇలాంటి ఏర్పాట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. భారత్‌కు వెళ్లే బ్రిటిష్ ఉద్యోగికీ ఇదే సౌకర్యం. ఆదాయపు పన్ను, సర్‌ఛార్జి, వీసా రుసుము ఎవరికీ తప్పవు. ఇక్కడి కంపెనీలో నేరుగా చేరినవాళ్లకు ఈ మినహాయింపు వర్తించనే వర్తించదు.

ఇండియాలో డిపాజిట్లు, అద్దెలు ఉన్నవాళ్లు నాన్-డామ్ (శాశ్వత నివాసం విదేశంలో ఉందని చెప్పి, బ్రిటన్‌కు తేని విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను కట్టకుండా ఉండే హోదా) గొడవను కూడా పట్టించుకోవాలి. 2022లో రిషి సునాక్ ఆర్థిక మంత్రిగా ఉండగా ఆయన భార్య అక్షతా మూర్తి ఆ హోదాలో ఉండటం పెద్ద రాజకీయ వివాదమైంది. చివరికి 2025 ఏప్రిల్ 6 నుంచి ఆ పద్ధతే పోయింది. దాని స్థానంలో, అంతకుముందు పదేళ్లు ఇక్కడ పన్ను నివాసులు కానివాళ్లకు మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయం మీద మినహాయింపు పెట్టారు. అది దానంతటదే రాదు, రిటర్నులో కోరాలి. కోరితే 12,570 పరిమితి వదులుకోవాలి కాబట్టి చిన్న వడ్డీ కోసం కోరడం నష్టం కావచ్చు. నాలుగేళ్లు దాటాక ఇండియాలో పన్ను లేని ఎన్నారీ డిపాజిట్ వడ్డీ కూడా ఇక్కడి లెక్కలోకి వస్తుంది.

"పడవల మీద వచ్చేవాళ్ల గురించి కదా గొడవంతా, పద్ధతిగా వచ్చిన మనకేం?" ఇది నన్ను అన్నిటికన్నా బాధపెట్టే ప్రశ్న. 2024లో చిన్న పడవల్లో ఇంగ్లిష్ ఛానెల్ దాటినవారు సుమారు 37 వేలు. టీవీ నిండా వాళ్లే కనిపించారు. నిబంధనలు బిగిసింది ఎవరి మీదో చూడండి. 2024 జనవరి నుంచి మాస్టర్స్ విద్యార్థులు భార్యనో భర్తనో తెచ్చుకునే వీలు పోయింది. మార్చిలో కేర్ వర్కర్లకూ పోయింది. ఏప్రిల్‌లో ఇక్కడ స్థిరపడినవారు జీవిత భాగస్వామిని తెచ్చుకోవడానికి ఉండాల్సిన ఆదాయం 18,600 నుంచి 29,000 అయింది. చదువు తర్వాత ఉండే రెండేళ్లు, మీరు పీఎస్‌డబ్ల్యూ అంటారే అది, 2027 నుంచి దరఖాస్తు చేసేవారికి ఏడాదిన్నర. ఇవన్నీ విమానంలో, వీసాతో, ఫీజు కట్టి వచ్చినవాళ్ల మీద పడినవి. నికర వలస, అంటే వచ్చినవారిలో వెళ్లినవారిని తీసేసిన లెక్క, 2023లో తొమ్మిది లక్షలు దాటింది, ఆ అంకె తగ్గించాలంటే ప్రభుత్వానికి తేలిగ్గా చేతికందేది వీసా పట్టికే. అందుకే "మేం మంచి వలసదారులం, వాళ్లను ఆపండి" అనే వాదనలో దాక్కోవద్దని ప్రాధేయపడుతున్నాను. మన సంఘాల సమావేశాల్లో శరణార్థుల గురించీ, పాకిస్తానీల గురించీ, ఆఫ్రికన్ల గురించీ మనవాళ్లు అనే మాటలు విని తల దించుకున్న సందర్భాలున్నాయి. అలా మాట్లాడి మనం ఎవరి మెప్పూ పొందలేదు.

నేనుండే బర్మింగ్‌హామ్‌ను ఆనుకుని స్మెథిక్ అనే ఊరుంది. 1964 సార్వత్రిక ఎన్నికల్లో దేశంలో లేబర్ గెలిచినా, అక్కడ కాబోయే విదేశాంగ మంత్రి ప్యాట్రిక్ గోర్డన్ వాకర్ ఓడిపోయారు. నల్లవాళ్లు మీ పొరుగుకు రావాలనుకుంటే లేబర్‌కు ఓటేయండి అనే అర్థంలో, ఇక్కడ రాయలేని బూతుమాటతో నినాదాలు తిరిగాయి. గెలిచిన పీటర్ గ్రిఫిత్స్ ఆ నినాదాన్ని ఖండించడానికి నిరాకరించారు. మార్షల్ స్ట్రీట్‌లో ఖాళీ అయిన ఇళ్లను కౌన్సిలే కొని తెల్లవాళ్లకే ఇవ్వాలన్న ప్రయత్నం జరిగింది. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ దానికి ఎదురు నిలిచింది, 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ వచ్చి ఆ వీధిలో నడిచాడు. అదే ఏడాది జాతివివక్షకు వ్యతిరేకంగా ఈ దేశపు మొదటి చట్టం వచ్చింది, 1966లో లేబర్ ఆ స్థానాన్ని తిరిగి గెలుచుకుంది. పక్కనే వోల్వర్‌హాంప్టన్. 1968 ఏప్రిల్‌లో వలసలతో రక్తం పారుతుందని ప్రసంగించిన ఇనోక్ పావెల్ ఆ ఊరి ఎంపీ. 2010లో ఆయన స్థానం నుంచి, ఆయన పూర్వపు పార్టీ అయిన టోరీల తరఫునే, పాల్ ఉప్పల్ అనే సిక్కు గెలిచాడు. ఇది దానంతటదే జరగలేదు. ఓటు ఉన్న మొదటి తరం దాన్ని వాడుకుంది, కార్ఖానాల్లో సంఘాలు పెట్టుకుంది, కౌన్సిళ్లకు పోటీ చేసింది.

అయితే వలసలు తగ్గాలన్న ప్రతివారినీ జాత్యహంకారి అనకండి. అద్దెలు మండిపోతున్నాయి, డాక్టరు అపాయింట్‌మెంటు దొరకడం లేదు అనేవాళ్ల బాధ నిజమే, మనమూ అదే క్యూలో ఉన్నాం. 2010లో రోచ్‌డేల్‌లో వలసల గురించి అడిగిన ఒక ఓటరును ప్రధాని గోర్డన్ బ్రౌన్ కారెక్కాక సంకుచిత మనస్కురాలన్నారు. మైకు ఆపలేదు, దేశమంతా వింది. అలాంటి తిరస్కారం కోపాన్ని పెంచడం తప్ప ఏమీ చేయదు. నేను చూసే గుర్తు ఒక్కటే. ఆ మాట ఇక్కడే పుట్టి, ఇక్కడి యాసే మాట్లాడే మన పిల్లలకూ తగులుతుందా? తగిలితే అది వీసాల గురించిన మాట కాదు. 2024 ఆగస్టు అల్లర్లలో మిడిల్స్‌బ్రోలో మూకలు కార్లు ఆపి, మీరు తెల్లవారా, ఇంగ్లిష్‌వారా అని అడిగాయి. వీసా ఎవరూ అడగలేదు. సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నారుల హత్య తర్వాత, నిందితుడు పడవలో వచ్చిన శరణార్థి అన్న అబద్ధం వ్యాపించడంతో మొదలైంది అదంతా. అతను ఈ దేశంలోనే, కార్డిఫ్‌లో పుట్టినవాడు. ఆ వారంలోనే లండన్‌లోని వాల్తమ్‌స్టో వంటి చోట్ల వేలమంది, వాళ్లలో ఎందరో తెల్లవాళ్లు, వీధుల్లోకి వచ్చి నిలబడ్డారన్నది కూడా మరవకండి.

మీకే ఏదైనా జరిగితే వీసాకు ఇబ్బంది అవుతుందని దాచిపెట్టకండి. ప్రమాదంలో ఉంటే 999, లేకపోతే 101. జాతి ద్వేషంతో జరిగిందని పోలీసులకు స్పష్టంగా చెప్పి నమోదు చేయించండి, ఫిర్యాదు చేసినందుకు వీసా పోదు. ఉద్యోగంలో వివక్ష అయితే 2010 సమానత్వ చట్టం మిమ్మల్నీ కాపాడుతుంది. ట్రిబ్యునల్‌కు వెళ్లే గడువు నెలల్లోనే ఉంటుంది కాబట్టి తేదీలు, ఈమెయిళ్లు ఆరోజే భద్రపరచి ట్రేడ్ యూనియన్‌నో, ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థనో కలవండి.

ఎన్నికల ముందు అభ్యర్థులు తలుపు తడతారు. పిల్లలను లోపలికి పంపి తలుపు వేసేయకండి. వచ్చినవారు ఏ పార్టీ అయినా అడగండి: ఇప్పటికే ఈ దారిలో ఉన్నవాళ్లకు మధ్యలో నిబంధన మారుస్తారా? సర్‌ఛార్జి ఎంత చేస్తారు? మీ పార్టీవాళ్లు మా పిల్లల గురించి తప్పుగా మాట్లాడితే బహిరంగంగా ఖండిస్తారా? గెలిచిన ఎంపీ నియోజకవర్గంలో ప్రజలను కలిసే సమయాలు పెడతారు, వాటిని ఇక్కడ సర్జరీలంటారు. ఓటేసినా వేయకపోయినా వెళ్లవచ్చు. నెలల తరబడి కదలని వీసా దరఖాస్తు గురించి ఎంపీ కార్యాలయం వీసాలు చూసే హోమ్ ఆఫీసును ఆరా తీయగలదు. మీ ఎంపీ ఎవరో పార్లమెంటు వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే కనిపిస్తుంది. రాసేటప్పుడు మీ పూర్తి చిరునామా పెట్టండి, తమ నియోజకవర్గంవారే అని తేలితేనే జవాబిస్తారు.