సీజను రద్దీలో లాడ్జి మురుగునీరు ఎందుకు నల్లబడుతుంది?

ప్రశ్న: అరకు దారిలో అనంతగిరి దగ్గర మాకు ఇరవై గదుల లాడ్జి ఉంది. గాలి ఊది మురుగును శుద్ధి చేసే చిన్న ఎస్టీపీ పెట్టించాం. వానాకాలంలో నాలుగైదు గదులకు మించి నిండవు, అప్పుడు నీరు తేటగానే వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో గదులన్నీ నిండగానే నీరు నల్లబడి, కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తోంది. తొట్టిని రెండింతలు చేయిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: తొట్టి ఒక్కటే పెంచితే సరిపోదు. మురుగును శుద్ధి చేసేవి అందులో బతికే సూక్ష్మజీవులు; వాటికి ఆహారం ఆ మురుగే. వానాకాలంలో వచ్చే కాస్త మురుగుతో ఎన్ని బతకగలవో అన్నే మిగులుతాయి, తక్కినవి తమ ఒంట్లోని నిల్వలను కరిగించుకుంటూ చచ్చిపోతాయి. హోటళ్లలో మనిషికి రోజుకు 180 లీటర్ల నీరు కావాలని, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని మన ఇంజనీర్లు లెక్క కడతారు. ఆ ప్రకారం పదిమంది దిగిన రోజు మీకు వచ్చేది 1,440 లీటర్లు, అరవైమంది దిగిన రోజు 8,640 లీటర్లు. పదిమందికి సరిపడా పెరిగిన జీవరాశి ఒక్క రాత్రిలో ఆరింతలు కాలేదు. పైగా మీ రద్దీ చలికాలంలో వస్తుంది. నీరు పది డిగ్రీలు చల్లబడితే ఈ జీవుల పని వేగం దాదాపు సగానికి పడిపోతుంది. గాలి చాలనప్పుడు ఆక్సిజన్ అక్కరలేని బాక్టీరియా పైచేయి సాధించి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పుట్టిస్తుంది. మీరు చెప్పిన నలుపుకూ వాసనకూ కారణం అదే.

కాబట్టి అతిథులకన్నా ముందు సూక్ష్మజీవులను సిద్ధం చేసుకోవాలి. రద్దీకి కనీసం నాలుగు వారాల ముందు, బాగా నడుస్తున్న ఎస్టీపీ నుంచి బతికున్న స్లడ్జిని, అంటే సూక్ష్మజీవులు నిండిన బురదను, ట్యాంకరులో తెప్పించి తొట్టిలో కలపండి. అతిథులు వచ్చేదాకా అది ఆకలితో చావకుండా బెల్లం నీళ్లు, పేడ నీళ్లు రోజూ కొద్దికొద్దిగా పోస్తూ, గాలి ఊదే బ్లోయర్ నడపండి. స్లడ్జి ఎలా ఉందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. తొట్టి నీటిని లీటరు గాజు జాడీలో పట్టి అరగంట కదపకుండా ఉంచితే, గోధుమరంగు బురద అడుగుకు దిగి పైన తేటనీరు నిలవాలి, తడిమట్టి వాసన రావాలి. తెల్లటి నురగ పొంగుతుంటే జీవరాశి ఇంకా లేతగా ఉందని, బురద నల్లబడితే గాలి చాలడం లేదని అర్థం. సీజను అయ్యాక కరెంటు ఖర్చుకు జంకి బ్లోయరును పూర్తిగా కట్టేయకండి. విడతలు విడతలుగానైనా నడపాలి.

రెండో చిక్కు పొద్దుటి పూటది. బొర్రా గుహలకు బయలుదేరే హడావిడిలో అందరూ ఆరింటికీ తొమ్మిదింటికీ మధ్యనే స్నానాలు ముగిస్తారు. ఆ నీరంతా ఒక్కసారిగా వచ్చి పడితే స్లడ్జి కుదురుకోకుండానే బయటికి కొట్టుకుపోతుంది. డబ్బు పెట్టదలిస్తే ముందుగా ఆ ఉరవడిని ఆపి, రోజంతా సమంగా పంపే నిల్వ తొట్టి కట్టించండి. దాన్ని కాస్త పెద్దదిగా కట్టుకుంటే శని, ఆదివారాల మురుగులో కొంత మంగళవారం దాకా ఆగుతుంది. ఆ తరువాత కూడా శుద్ధి తొట్టి చాలదనిపిస్తే, ఉన్నదాన్ని పెద్దది చేయకుండా పక్కన అలాంటిదే ఇంకొకటి కట్టించి సీజనులో మాత్రమే వాడుకోవచ్చు. వంటగది నీటికి జిడ్డును పట్టే గుంట తప్పనిసరి. మరుగుదొడ్లలో యాసిడ్, బ్లీచింగ్ పౌడరు గుమ్మరించే అలవాటు ఉంటే మాన్పించండి. అవి మీరు పెంచిన జీవులనే చంపుతాయి.

శుద్ధి అయిన నీటిని గెడ్డలోకి వదలకండి. అడుగున నీరు ఇంకని పొర వేసిన కంకర మడిలో మెట్టతామర నాటి, దాని గుండా పారించి తోటకు వాడుకోండి. మీ ప్రాంతంలో సున్నపురాయి ఉన్న చోట్ల పగుళ్లలోకి దిగిన నీరు మట్టిలో వడకట్టుకోకుండానే దూరం పోతుంది. బొర్రా గుహల మీదుగా సాగే గోస్తని నది నీరు తాటిపూడి జలాశయం చేరి విశాఖ కొళాయిల్లోకి వస్తుంది. మీ లాడ్జిలో దిగేవారిలో ఎందరో ఆ నీరు తాగేవాళ్లే.

ప్రశ్న: మేడారం జాతరలో కూడా ఇలాంటి ఎస్టీపీ పెట్టవచ్చు కదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: రెండేళ్లకొకసారి నాలుగు రోజులు జరిగే జాతరకు జీవరాశిని పెంచి నిలబెట్టడం సాధ్యం కాదమ్మా. అక్కడ మలవ్యర్థాలను కారని తొట్లలో పట్టి, ట్యాంకర్లలో మలవ్యర్థాల శుద్ధి కేంద్రాలకు తరలించడమే సరైన పద్ధతి. ఆ కేంద్రం కూడా అంతటినీ ఒక్కరోజే మింగలేదు కనుక నిల్వ ఉంచుకుని కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా శుద్ధి చేయాలి. భక్తులు స్నానాలు చేసే జంపన్నవాగు ఒడ్డున, అందులోనూ ఇసుక నేలలో, ఇంకుడు గుంతల మరుగుదొడ్లు మాత్రం తవ్వకూడదు.